దాహం లేని పడవ

మా ఆసుపత్రికి ఒక పాత ఫైబర్ పడవ ఉండేది. ఎప్పుడో ఒక దొర డాక్టరు చేపలు పట్టుకోవడానికి తెప్పించుకుని, తన దేశానికి వెళ్లిపోతూ ఇక్కడే వదిలేశాడు. డెబ్బైల్లో దాన్ని నడిపే పని నాది. వారానికి రెండుసార్లు నర్సమ్మగారిని, మందుల పెట్టెను ఎక్కించుకుని ఇబ్రహీంపట్నం దగ్గర లంకల్లోకి తీసుకెళ్లేవాణ్ణి. నున్నటి ఆ పడవంటే నాకు మహా గర్వం. పెళ్లాన్ని కూడా అంత ముద్దుగా చూసుకోవని మా ఆవిడ దెప్పేది.

ఆ ఏడు కృష్ణకి కొత్త నీళ్లొచ్చాక పడవ దింపాం. ఏటి మధ్యలో వేగం పెంచగానే మోటారు వెనక్కి వాలింది. దాన్ని బిగించేది పడవ వెనక పలకకే. ఆ పలకే వంగిపోతోంది. నర్సమ్మగారు మందుల పెట్టెను ఒళ్లోకి లాక్కుని, "ఏంటి బాబూ, మోటారు పడుకుంటోంది?" అన్నారు. ఆవిడకి ఈత రాదు. మెల్లగా ఒడ్డు చేర్చి, బాగుచేసేదాకా పడవ తియ్యనని చెప్పేశాను.

బాగుచెయ్యడానికి మా నాన్నని పిలిచాను. కాలవల మీద ధాన్యం మోసే చెక్క పడవలు కట్టిన మనిషి. లారీలొచ్చి ఆ పడవలు మూలపడ్డాక ఆయన్ని పనికి పిలిచినవాళ్లు లేరు. ఫైబర్ పడవని బొమ్మ అని వెక్కిరించేవాడు గానీ, దాని మీద ప్రేమే. ఏరు సన్నగిల్లి దాన్ని గట్టెక్కించే ఎండాకాలంలో, రోజూ నాలుగు బిందెల నీళ్లు తెచ్చి అందులో పోసేవాడు. చెక్క పడవ ఎండితే పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. తడిగా ఉంచితే చెక్క ఉబ్బి అవే మూసుకుంటాయి. "పడవని దాహంతో ఉంచకూడదురా," అనేవాడు. ఆయనకి వీలుకాని రోజున నేను పోసేవాణ్ణి.

వెనక పలక లోపలివైపు ఫైబర్ తొడుగు కోసి తీశాం. మధ్యలో ఉన్న ప్లైవుడ్ నల్లగా, వడకట్టిన టీ పొడిలా ఉంది. నాన్న గుప్పెడు తీసి పిండితే నీళ్లు కారాయి.

"దీని దుంప తెగ! దొరలకి చెక్క ఎంచుకోవడం రాదురా," అన్నాడు.

నేను బోల్టుల బొక్కలు చూస్తున్నాను. వాటి చుట్టూ తడి మరకలు. మేం పోసిన నీళ్లే అక్కడినుంచి లోపలికి దిగాయి. రెండువైపులా ఫైబర్ ఉంటే ఆ తడి ఎటు పోతుంది? ఏటా ఎండాకాలమంతా మేమే దాన్ని కుళ్లబెట్టాం.

నాన్నకి చెప్పే ధైర్యం రాలేదు. వన్ టౌన్ బజారుకెళ్లి ఫైబర్ అతికించే రెజిన్ జిగురు డబ్బా, గాజునార గుడ్డ తెచ్చాను. మిట్టమధ్యాహ్నం ఎండలో రెజిన్‌కి గట్టిపడే మందు కలిపితే బ్రష్ ముంచేలోపే మగ్గులో రాయిలా గడ్డకట్టి పొగలు కక్కింది. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నేళ్లయిందో! ఆ నవ్వు చూశాక చెప్పడం ఇంకా కష్టమైంది. కానీ చెప్పకపోతే వచ్చే ఎండాకాలం మళ్లీ బిందెలు మోస్తాడు. ఏదో ఒకరోజు ఏటి నడుమ నర్సమ్మగారు ఉండగా పలక ఊడుతుంది.

మూడోనాడు చెప్పేశాను. కొత్త పలక చిత్రిక పడుతున్న చెయ్యి ఆగింది.

"అంటే నేనేనా?"

"నేనూ పోశాను కదా నాన్నా."

"నీకు చెప్పింది నేనేగా," అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

సాయంత్రం లేచి పని అందుకున్నాడు. పలకకి అన్నివైపులా రెజిన్ పట్టించి బిగించాం. బోల్టుల బొక్కలకి మాత్రం నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. ఒక్కోదాని లోపల మూడేసిసార్లు తానే రెజిన్ పూశాడు. వారం తిరక్కుండానే నర్సమ్మగారిని ఏరు దాటించాను. మోటారు నిటారుగా నిలబడింది.

మరుసటి ఎండాకాలం నాన్న బిందె ముట్టుకోలేదు. పడవ మీద తాటాకులు కప్పి, దూరంగా కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కొట్టి వెలిసింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఆయన పడవలో మోకాళ్ల మీద ఉన్నాడు. భుజం మీది తువ్వాలుతో మూలమూలలా తడి అద్ది, బయటికి పిండుతున్నాడు. నన్ను చూడలేదు. వెనక పలకని చేత్తో నిమురుతూ పడవతో మాట్లాడుతున్నాడు.

"దాహం అనుకున్నానే తల్లీ."