బాన్సువాడ ఆటో స్టాండులో జెండా తాడు

పంద్రాగస్టు ఉదయం ఆరు గంటలకు నిజామాబాద్‌లో బాన్సువాడ బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే, ఆధార్ కార్డు మాత్రం మరవకండి. ముందురోజు అక్కడి ఆటో స్టాండు పెద్ద గౌస్ ఫోన్ చేశాడు. "అక్కా, జెండా తాడు ఎవరు గుంజాల్నని లొల్లి అయితుంది. లైబ్రరీ అంతా సదివినవ్ గదా, వచ్చి తేల్చు." ఇన్నేళ్లూ చదివింది ఇలాంటి పిలుపు కోసమే అనిపించింది.

పక్క సీటామె అడిగింది, "జెండా పండుగకు బస్సెక్కి పోవుడేంది?"

"తీర్పు చెప్పడానికి."

"గట్లనా. అయితే కడుపుల ఏమన్న ఏస్కో" అని జిలేబీ ఇచ్చింది.

వర్ని దాటాక రెండు వైపులా కొత్తగా నాట్లేసిన మళ్లు. ఎనిమిదికి దిగి, బస్టాండు ఎదుట పూరీ తిని స్టాండుకు వెళ్లాను.

జెండా స్తంభం కొనిచ్చిన సుబ్బారావుగారు, కోస్తా నుంచి వచ్చి కోటగిరిలో స్థిరపడిన రైతు, తాడు పట్టుకునే ఉన్నారు. "మా తాతగారు నలభై ఏడులోనే కోస్తాలో జెండా ఎగరేశారండీ. ముందు ఎగరేసిన ఇంటివాళ్లదే కదండీ తాడు."

"ఎగరేసింది మీ తాత, రావుసాబ్. నువ్వు పతంగి గూడ ఎగరేయలే" అన్నాడు గౌస్. డ్రైవర్లు నవ్వారు. వాళ్లు ఆ తాడు లచ్చవ్వకు ఇవ్వాలంటున్నారు. స్టాండు పక్కన మక్క కంకులు కాల్చే ముసలామె, పుట్టింది బాన్సువాడలోనే.

నేను గొంతు సవరించుకున్నాను. రాజ్యాంగ సభ ఈ జెండాను నలభై ఏడు జూలై ఇరవై రెండున ఆమోదించింది. ఆగస్టు పదిహేనున ఢిల్లీలో, కోస్తాలో ఎగిరింది. ఇక్కడ నిజాం పాలన, ధైర్యంగా ఎగరేయడానికి మరో పదమూడు నెలలు పట్టింది. "కాబట్టి సుబ్బారావుగారి మాట నిజమే" అని ముగించాను. గౌస్ తల దించుకున్నాడు.

లచ్చవ్వ కంకులు పక్కన పెట్టింది. "మీకు ముందుగాల దొరికింది, మంచిదే బిడ్డా. మా నాయిన పదమూడు నెలలు ఎదురుసూసిండు. ఎదురుసూసినోళ్లను ఇంకెన్ని దినాలు నిలబెడ్తరు?"

సుబ్బారావుగారు తాడు ఆమె చేతిలో పెట్టారు.

పంద్రాగస్టుకు జెండాను కింది నుంచి పైదాకా లాగాలి. సగంలో ఆమె చేతులు ఆగాయి. "నువ్వు గూడ పట్టు, కొడుకా" అంది సుబ్బారావుగారితో. ఇద్దరూ కలిసి లాగారు.

నన్ను పదకొండు గంటల బస్సెక్కించడానికి గౌస్ బూందీ పొట్లంతో వచ్చాడు. "వచ్చే యేడు తాడు పొడుగుది కొంటం అక్కా. అందరం పట్టుకోవచ్చు."

వర్ని దాకా బూందీ తింటూనే ఉన్నాను. తేదీలు నాకు ముందే తెలుసు. పదమూడు నెలల ఎదురుచూపు ఎంత పొడుగో మాత్రం లచ్చవ్వ చేతులు సగంలో ఆగినప్పుడే తెలిసింది.