పెట్టె మీది ఐదు అక్షరాలు

అంగడివాడు టీవీ పెట్టె మీద రహస్యంగా రాసుకున్న ధరను చదివేసి, అతను కొన్న ధరకే బళ్ళారి బజారులో టీవీ కొట్టుకొచ్చిన మొనగాణ్ణి నేను. నలుగురిలో చెప్పేటప్పుడు కథ ఇక్కడితో ఆపేస్తాను.

మాది బట్టల అంగడి. చీర చీటీ మీద మా నాన్న తాను కొన్న ధరను అంకెల్లో కాక అక్షరాల్లో రాసేవాడు. పది అంకెలకు పది అక్షరాలు. గిరాకీకి అర్థం కాకూడదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మాకు మాత్రం ఎంతదాకా దిగవచ్చో తెలియాలి. బడికి పోకముందే నేను వాటిని చదివేవాణ్ణి.

పోయిన ఏడాది హచ్చొళ్ళిలో ఉండే మా అక్క నా చేతిలో ఇరవై ఎనిమిది వేలు పెట్టింది. పాలమ్మి కూడబెట్టిన డబ్బు.

"కొత్త టీవీ తేప్పా. మిగిలిన దాంట్లో మిక్సీ గూడా రావల్ల. రుబ్బి రుబ్బి భుజం పడిపోతాండాది. నువ్వు బేరగానివి గదా!"

బళ్ళారి అంగట్లో టీవీ స్టిక్కరు మీద 31,990 అని ఉంది. పెట్టె తిప్పి చూస్తే అంచున స్కెచ్ పెన్నుతో ఐదు అక్షరాలు. చిన్ననాటి స్నేహితుడు కనబడినట్టయింది. ముందు ఇస్త్రీపెట్టె, ఫ్యాను, ఇయర్‌ఫోన్ బేరమాడాను. ఒక్కోదాన్ని ఎంతకు దించి ఆగిపోతున్నాడో చూసి, వాటి మీది అక్షరాలతో సరిపోల్చుకున్నాను. గంటలో గుట్టంతా నా చేతిలో ఉంది.

"ఇరవై రెండు వేల నాలుగు వందలు నీ అసలు. పైన మూడు వందలు తీసుకో" అన్నాను.

యజమాని మొహం పాలిపోయింది. "నీకెట్ల తెలిసెనప్పా?"

"నేనూ అంగడోని కొడుకునే."

"కడుపు మీద కొడ్తాండావు. ఆయ్తు, సరే, తీస్కపో. పొద్దున్నే ఎవరి మొగం చూసినానో!"

నాకు జాలి వేసింది. అంత నష్టపెట్టాక, డిష్ పెట్టెను టీవీకి కలిపే కేబుల్ తీగ దగ్గర కూడా గీచి గీచి బేరమాడటం మర్యాద కాదనిపించింది. తీగ, గోడ స్టాండు, అదనపు గ్యారంటీ, అన్నిటికీ అడిగినంత ఇచ్చాను. పైగా వచ్చేటప్పుడు అతన్ని ఓదార్చాను కూడా.

అక్క చేతిలో మూడు వందల యాభై పెడితే, నా వెనక చూసింది. "మిక్సీ యాడప్పా?"

నేను విజయగాథ మొదలుపెట్టేలోగా పక్కింటామె టీవీ చూడటానికి వచ్చింది. వాళ్ళింట్లోనూ అదే కంపెనీ, అదే సైజు. ఆ వారమే దగ్గర్లోని సిరుగుప్పలో ఇరవై వేల ఐదు వందలకు కొన్నారట. స్టాండు ఉచితం. తీగ సంగతంటారా, అక్క డిష్ పెట్టెతోనే ఒకటి వచ్చి ఉంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బళ్ళారి వెళ్ళి ఆ అంగడివాడి మీద పడ్డాను. అతను టీ తెప్పించాడు.

"ఆ రాత నీలాంటోళ్ళ కోసమేనప్పా. మామూలోళ్ళు స్టిక్కరు మీద నాలుగు వేలు తగ్గిస్తే సంతోషంగా పోతారు. అంగడోళ్ళ పిల్లోళ్ళే పెట్టె తిప్పి చూస్తారు. అసలు రేటు కంప్యూటర్లో ఉండాది. అయినా టీవీలో మాకేం మిగులుతాది? నువ్వు బేరమాడకుండా తీస్కపోతివే, ఆ తీగలో, ఆ స్టాండులో మిగులుతాది."

ఒళ్ళు మండిపోయింది. స్టిక్కరు ధర అబద్ధమని పసిపిల్లలకూ తెలుసు. దాని మీద నాకు కోపం లేదు. కానీ మా నాన్న చీటీ మీద ధర దాచాడే గాని ఏనాడూ తప్పు ధర రాయలేదు. సాటి అంగడివాళ్ళను పట్టడానికి ఆ అక్షరాలనే వలగా వేస్తారా?

"ఇది మోసమయ్యా!" అని అరిచాను.

"నా గుట్టు చదివి నన్ను ముంచల్లని వచ్చినోడివి నువ్వు గాదా?" అన్నాడు, టీ గ్లాసు నా వైపు జరుపుతూ.

ఇప్పటికీ నన్ను మండిస్తున్నది ఆ మాటే.

లెక్క ఇది. టీవీ 22,700. తీగ 650. స్టాండు 1,800. గ్యారంటీ 2,500. మొత్తం 27,650. గ్యారంటీ కాగితం ఎప్పుడైనా పనికిరావచ్చు, దాన్ని తీసేద్దాం. సిరుగుప్ప ధర 20,500 కూడా తీసేస్తే, నా తెలివికి అక్క కట్టిన వెల 4,650. ఆ వారమే సిరుగుప్పలో నా డబ్బుతో 3,200 పెట్టి మిక్సీ కొన్నాను, పెట్టె తిప్పి చూడకుండా. అక్కకు నేనింకా ఇవ్వాల్సింది 1,450.