ఎకసెక్కమా, ఎకసక్కెమా?

నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు వక్తృత్వ పోటీలో పాల్గొన్నాను. "మా పిన్ని లారీ నేర్చుకుంటుంటే ఊరంతా ఎకసెక్కాలు ఆడింది" అన్నాను.

న్యాయనిర్ణేత తన మైకులోనే నన్ను ఆపేశారు. "ఎకసెక్కం కాదమ్మాయ్, ఎకసక్కెం. ఏ పల్లెటూరు మీది?"

హాలంతా గొల్లున నవ్వింది. అయినా నేను మైకు వదల్లేదు.

"నకరికల్లు సార్. మా నాయనమ్మ సరదాగా ఆటపట్టిస్తే ఎకసక్కెం అంటది. మా అమ్మ, మనసు నొచ్చేట్టు ఎగతాళి చేస్తే ఎకసెక్కం అంటది. మీరిప్పుడు చేసింది మా అమ్మ చెప్పే ఎకసెక్కమే!"

ఆయన తల దించుకున్నారు. నేను పిన్ని గురించి చెప్పాల్సిందంతా చెప్పాకే వేదిక దిగాను.

బహుమతి రాలేదు. ఇప్పటికీ ఎక్కడ మాట్లాడినా మా ఇంట్లో పలికినట్టే పలుకుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.