దారి చివరి ముక్క

గుండీలక్క తన వీపును తానే చూసింది, అద్దం లేకుండా. చూసిందంటే మరీ అంత స్పష్టంగా కాదు. మంచు పట్టి ఉంది, ఇరవై గజాల దూరం కూడా ఉంది. కానీ పాత కోట్లు బాగుచేసి బతికే మనిషి తన చేతికుట్టును గుర్తుపట్టలేదంటే ఎవరు నమ్ముతారు?

ఆమె కొట్లో కత్తెర బల్లకి ఎదురుగా గోడకు ఒక గుడ్డ నక్షా ఉంటుంది. పొడుగు దారి నక్షా అది. ఆ దారి మొత్తం నడవాలంటే నెల పడుతుంది. కొట్టు మూసి నెల తిరిగితే పొయ్యిలో పిల్లి లేవదు గనుక, సెలవు దొరికినప్పుడల్లా ఒక ముక్క నడిచి, నడిచినంత మేర ఎర్ర దారంతో కుట్టుకుంటూ వచ్చింది. అలా పదకొండేళ్లు. ఇక మిగిలింది నాలుగు వేళ్ల మేర, కొండ కొమ్మున ఆగిపోయే చివరి ముక్క. ఎక్కిన దారినే దిగాలి, వేరే దారి లేదు.

ఎడమ మోకాలికి వచ్చే వారం ఆపరేషన్. ఆ తర్వాత ఎత్తులు ఎక్కొద్దని డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆదివారం గడప దాటనివ్వరు.

శుక్రవారం మధ్యాహ్నం వదినతో కూర్చుని ఆదివారం ప్రయాణం కాగితం మీద రాసింది. ఆరున్నర బస్సు, ఏడున్నరకి కొండ కింది షెడ్డు, పదకొండుకి కొమ్ము, మూడులోపు కిందికి.

"కొమ్ము మీద కూర్చోడానికి అరగంట రాయవే," అంది వదిన. "నీవి కాళ్లు, నావి దిమ్మెలు."

"రాశాను వదినా. నీ మూలుగులకి ఇంకో పావుగంట కూడా కలిపాను."

దారి జారుడుగా ఉందేమో కనుక్కుందామని షెడ్డు కాపలాదారుకి ఫోన్ చేసి పేరు చెప్పింది. అవతల పేజీలు తిరగేసిన చప్పుడు.

"ఎటు పోయారమ్మా మీరు? బుధవారం ఎక్కుతున్నట్టు పుస్తకంలో రాశారు. దిగినట్టు రాయలేదు. ఫోన్ చేస్తే కలవలేదు, రెండు పూటలు వెతికాం."

"బుధవారం నేను కొట్లోనే ఉన్నానండీ."

"పేరు మీదే, ఫోన్ నంబరు మీదే. పక్కన 'ఎడమ మోకాలు బాగాలేదు' అని కూడా రాసుకున్నారు."

గుండీలక్క చెయ్యి తనంతట తానే మోకాలి మీదికి పోయింది.

"ఎవరో ఆకతాయిలు," అంది వదిన సంగతి విని. మళ్లీ తనే, "పోనీ, నడిచినట్టు పుస్తకమే చెబుతోందిగా. కుట్టేసుకో, నాకు ఆయాసం తప్పుతుంది."

"నడవకుండానా? కొలతలు తియ్యకుండా కోటు కత్తిరించినట్టుంటుంది."

ఆదివారం రెండో మలుపు దాటాక మంచు కమ్మింది. ముందు ఎవరో నడుస్తున్నారు. బూడిద రంగు కోటు, ఎడమ భుజాన అతుకు. ఆ కుట్లు గుండీలక్కలా ఎడమచేతి వాటం మనిషి వేసినట్టు అటునుంచి ఇటు వాలాయి. అలాంటి కోటు ఒక్కటే ఉంది. అది గుండీలక్క ఒంటి మీదుంది.

"ఏవండోయ్, కాస్త ఆగండి," అని వదిన కేకేసింది. ఆ మనిషి తిరగలేదు. ఎడమ కాలు ఈడుస్తోంది. వీళ్లు ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది. గుండీలక్క మాత్రం పిలవలేదు. పిలిస్తే తిరుగుతుందేమోనని ఆమె భయం.

కొమ్ము మీద ఎవరూ లేరు. అటువైపు లోయ. బండలన్నీ తడిగా ఉంటే, ఒకదాని మీద మాత్రం మనిషి కూర్చునేంత మేర పొడిగా ఉంది. వదిన తన అరగంట సంగతే ఎత్తలేదు.

కిందికొచ్చి పుస్తకం తెరిస్తే, బుధవారం వరసలో దిగిన సమయం రాసి ఉంది. గుండీలక్క వేలికి సిరా అంటింది.

"ఇప్పుడే కదమ్మా రాసి వెళ్లారు," అన్నాడు కాపలాదారు. "ఏమైనా మర్చిపోయారా?"

ఇదంతా వదిన వీధి వీధికీ చెప్పుకొచ్చింది. గుండీలక్కనే అడుగుదామని వీధివాళ్లు కొట్టుకి వెళితే, ఆమె సూది మీంచి తల ఎత్తలేదు.

"పచ్చి అబద్ధం. ఆదివారం మోకాలు వాచిపోయి నేను మంచం దిగలేదు. వదిన ఒక్కతే వెళ్లింది."