పనసచెట్టుకు జామీను

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పొద్దున్నే దేవుడికి దీపం పెట్టుకునే ఇంట్లో వాటికి చోటెక్కడిది? ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది అరవదేశంలోని ధర్మపురి. నాయన పోయి ఏడాది దాటింది. నేను బడికి పోయినదాన్ని కాదు. తెలుగు అక్షరాలు ఆయనే నేర్పాడు, బెండమడి పక్కన తడిమట్టిలో పుల్లతో దిద్దించి. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే.

ఆయనకు లోకమంటే మేమూ, పెరడూ. మారండహళ్ళి నుంచి పనసమొక్క తెచ్చిన రోజు, బస్సులో అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, మొక్కను తన సీట్లో పెట్టి, తాను నిలబడి వచ్చాడట. కండక్టర్ ఏమన్నాడో అమ్మ చెప్పదు, నవ్వుతుంది.

ఆ పనస ఏపుగా పెరిగింది గానీ ఒక్క కాయా కాయలేదు. కాయని చెట్టును ఒకరు గొడ్డలెత్తి బెదిరించాలి, ఇంకొకరు అడ్డుపడి పూచీ పడాలి. మా వైపు ఆచారం అది. చెట్టును కసరడానికి నాయనకు నోరు రాదు. అందుకని ఏటా గొడ్డలి అమ్మది, పూచీ ఆయనది.

“తినేది, నిలబడేది, ఇంకేం పనిలేదు నీకు! ఈ ఏడు కాయలేదంటే నరికేస్తా!” అనేది అమ్మ.

“వద్దు మే, పాపం. వచ్చే ఏడు కాస్తాది. నేను జామీను” అనేవాడు నాయన. తర్వాత నా చెవిలో, “తిట్టింది చెట్టునా, నన్నా?”

ఈమధ్య అన్న కారు కొన్నాడు. షెడ్డు కోసం పనసను కొట్టిస్తానన్నాడు.

“ఒక్క తూరి బెదిరించి చూస్తాను రా” అని అమ్మ బతిమాలింది.

“సరే, కానీమా. ఇదే ఆఖరు. రేపు మనుషులొస్తారు.”

పట్టపగలు. అమ్మ గొడ్డలెత్తి తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆగింది. అడ్డుపడే మనిషి లేడని అప్పుడు గానీ మాకు తట్టలేదు. ‘జామీను’ మాట నేనే అందామని నోరు తెరిచాను. నేను అనేలోపే వినబడింది.

“వెనక్కి రా మే. పిడి వదులుగా ఉండాది.”

నాయన గొంతు. చెట్టు వైపు నుంచి.

“వస్తా ఉండాను, అరవద్దు!” అంటూ అమ్మ అలవాటు కొద్దీ వెనక్కి జరిగి గొడ్డలి దించింది. దాని తల ఊడి, అంతకుముందు ఆమె పాదాలున్న చోట మట్టిలో దిగబడింది.

పక్కనే నిలబడిన అన్నకు ఏమీ వినబడలేదట. “అమ్మే ఏదో అనుకునింటాది, నీకూ అట్లే తోచింది” అంటాడు. పిడి సంగతి అమ్మకు తెలియదు. నాయన పోయాక ఆ గొడ్డలిని ఎవరూ ముట్టలేదు. మరి ఇద్దరికీ ఒకే మాట ఎట్లా వినబడిందని అడిగితే, కారు తుడవడానికి పోతాడు. ఆ కారు వీధిలోనే ఉంటోంది. చెట్టు కొట్టే మనుషులను మాత్రం రావద్దన్నాడు.

“ఎప్పుడూ చెట్టు కోసం మాట్లాడే మనిషి, ఈ తూరి దాని ఊసే ఎత్తలేదు చూడు” అని అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో.

పనస ఇంకా కాయలేదు. ఆ గొంతు ఎక్కడిదో నాకీరోజుకూ తెలియదు. ఎవరికి రుణపడ్డామో తేలక, ఆ సాయంత్రం దేవుడికొకటి, నాయనకొకటి, రెండు దండాలు పెట్టుకున్నాను.