ట్రాక్టరమ్మ గారి అత్తగారు

మా అక్కకి కుళ్ళు. ఈ మాట నేను చాటుగా అంటున్నది కాదు, తన ఎదురుగానే అంటాను, తనూ కాదనదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, అమ్మ నా పక్కన కూర్చుందని తను కూడా దుప్పటి కప్పుకుని పడుకుని మూలిగేది. నా జడ పొడుగని కుళ్ళు, నా పలక కొత్తదని కుళ్ళు. పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరం ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళలో పడ్డాం కాబట్టి ఇప్పటికీ ఆ కుళ్ళుని రోజూ చూస్తూనే ఉన్నాను. మనిషి మంచిదే. ఆకలన్నవాడికి తన కంచంలోది తీసి పెడుతుంది. పెట్టాక, వాడు తనకంటే ఇష్టంగా తింటున్నాడని మాత్రం ఓర్చుకోలేదు.

బావ పోయాక అక్క చిన్న ట్రాక్టరు కొంది. పెద్ద ట్రాక్టర్లు తోటల్లో చెట్ల వరసల మధ్య పట్టవు, కొమ్మలు విరిచేస్తాయి. ఇదేమో మంచమంత వెడల్పు. నిమ్మచెట్ల మధ్య నుంచి ఆకు రాలకుండా వెళ్ళిపోతుంది. వెనక ఏది తగిలిస్తే ఆ పని చేస్తుంది. రోటవేటరు తగిలిస్తే మట్టిని గుల్ల చేస్తుంది, ట్యాంకు తగిలిస్తే మందు కొడుతుంది, ట్రాలీ తగిలిస్తే కాయలు మోస్తుంది. ఆడమనిషి ట్రాక్టరెక్కడమేమిటని నవ్విన వాళ్ళే ఏడాది తిరక్కుండా "ట్రాక్టరమ్మా, మా తోటకెప్పుడొస్తావు?" అంటూ గుమ్మంలో నిలబడ్డారు. ఆ పేరే ఖాయమైపోయింది. కరెంటు బిల్లు తెచ్చే ఆయన కూడా అలాగే పిలిచేవాడు, అక్క కూడా అలా పిలిస్తేనే పలికేది.

ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. అందులోని పనిముట్లలో సగం అవసరం కొద్దీ కొన్నవి, సగం కుళ్ళు కొద్దీ కొన్నవి. ఎదురు వీధిలో ట్రాక్టరున్న ఆయన గుంటలు తవ్వే మిషను తెచ్చాడని తెలిసిన రోజు అక్క సరిగ్గా అన్నం తినలేదు. "ఆయనకి గుంటలతో ఏం పనే? ఏం పాతిపెడతాడట?" అని పొద్దంతా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కొన్నాళ్ళకి అలాంటిదే మా షెడ్డులోకీ వచ్చింది. దానితో తవ్విందల్లా మా పెరట్లో అరటి పిలకలకి గుంటలు. ఇప్పుడు దాని మీద గోనెపట్టా కప్పి ఉంటుంది, పట్టా మీద మా పిల్లి పడుకుంటుంది.

ఇంత కుళ్ళున్న మనిషి కోడల్ని ఎలా బతకనిస్తుందోనని కొడుకు పెళ్ళప్పుడు నేను తెగ బెంగపడ్డాను. తీరా చూస్తే కొడుకుని నవ్వుతూ అప్పగించేసింది. వాడు బస్సు డిపోలో టికెట్ల కౌంటరు దగ్గర పని చేస్తాడు. డీజిలు వాసన తగిలితే చాలు, వాడికి తలనొప్పి. వాడి కోసం అత్తాకోడళ్ళు ఏనాడూ మాటా మాటా అనుకోలేదు. పేచీ అంతా బండి దగ్గరే వచ్చింది.

"అత్తయ్యా, ఒకసారి నేను నడపనా?" అని ఒకరోజు కోడలు అడిగింది. అక్క మురిసిపోయింది. నేర్పించడంలో ఉన్న దర్జా తనకి నచ్చింది. క్లచ్చు ఇది, లిఫ్టు లివరు ఇది, ఇలా తొక్కు, అలా వదులు అని వీధి వీధంతా వినేలా అరుస్తూ నేర్పింది. కోడలి నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట ఉంటుంది, శ్రుతి మాత్రం ఉండదు. డీజిలు పోశాక మూత పెట్టడం మరిచిపోతుంది. గ్రీజు కొట్టమంటే "రేపు" అంటుంది. ఇవన్నీ చూసుకుని అక్క నిశ్చింతగా ఉంది.

రోటవేటరు తగిలించిన రోజు ఆ నిశ్చింత పోయింది. ఆ పని ఎలా ఉంటుందంటే, ట్రాక్టరుని వెనక్కి తోలి, దాని వెనకున్న రెండు చేతులు నేల మీదున్న రోటవేటరుకి సరిగ్గా ఎదురయ్యేలా ఆపాలి. అప్పుడు పిన్ను వెయ్యాలి. వేలెడు తేడా ఉన్నా పిన్ను దిగదు. ఇన్నేళ్ళ అనుభవంతో కూడా అక్క బండిని ముందుకీ వెనక్కీ కదిలించి, దిగి, గునపంతో రోటవేటరుని జరిపి, దాన్నీ దాన్ని చేసిన వాళ్ళనీ తిట్టి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి తగిలిస్తుంది. అది ఎవరికైనా అంతే కాబోలని మేమంతా అనుకునేవాళ్ళం. కోడలు మెడ వెనక్కి తిప్పి, పాట ఆపకుండా, ఒక్కసారి వెనక్కొచ్చి ఆపింది. దిగి పిన్ను వేసింది. టక్కున దిగింది.

"భలే కూర్చుంది కదత్తయ్యా!" అంది.

"ఆ, నేల చదునుగా ఉందిలే," అంది అక్క.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, నేనిచ్చిన టీ గ్లాసు పక్కన పెట్టేసింది. "నాకు కుళ్ళుగా ఉందే," అంది. "కొడుకుని ఇచ్చినప్పుడు కూడా ఇంత అనిపించలేదు."

మర్నాటి నుంచి మిట్టమధ్యాహ్నం వీధిలో ఎవరూ తిరగని వేళ చూసుకుని, షెడ్డులో ఒక్కతే బండిని వెనక్కి తోలడం మొదలుపెట్టింది. నేను గోడ మీంచి తొంగి చూసేదాన్ని. పిన్ను దిగేది కాదు. కోడలు నిద్ర లేచి బయటికొస్తే, "ఏదో చప్పుడొస్తుంటే చూస్తున్నా," అని గునపం వెనక్కి దాచుకునేది.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. "ఈసారి అమ్మాయిని పంపండమ్మా, చెట్టు మొదలు దాకా ఎంచక్కా దున్నింది," అనసాగారు తోటల వాళ్ళు. అక్క "అలాగే" అని పెట్టేసి, అమ్మాయికి చెప్పకుండా తనే వెళ్ళేది. ఒకరోజు ఎవరో కొత్తాయన ఫోను చేసి, "ట్రాక్టరమ్మ గారి అత్తగారాండీ?" అని అడిగాడు. అక్క ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే వెనకాల వెళ్ళి చూస్తే, మంచం మీద కూర్చుని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అప్పుడు నవ్వాగింది.

వానలు తగ్గాక అక్క మోకాలు వాచింది. క్లచ్చు తొక్కద్దన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే కాలువ గట్టు తోటలో మందు కొట్టే పని వచ్చింది. ఆ తోట సంగతి అక్కకి బాగా తెలుసు. తోటంతా చదునే గానీ కాలువ వైపు చివరి మూల వాలుగా దిగుతుంది. మామూలుగా వరస చివరికి రాగానే బండి తిప్పి పక్క వరసలోకి వెళ్తారు. ఆ మూల మాత్రం తిప్పకూడదు. వెనకున్న మందు ట్యాంకు సగమయ్యాక అక్కడ తిప్పితే, లోపలి మందంతా పల్లం పక్కకి పోయి బండిని కూడా పడేస్తుంది. తిన్నగా కంచె దాకా దిగిపోయి, కింద చదునులో చుట్టు తిరిగి రావాలి. మొదటి ఏడాది అక్కకి అక్కడే చక్రం లేచింది. చెట్టు అడ్డం రాబట్టి బతికింది. ఆ రోజు ఇంటికొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని అంతా చెప్పింది.

కోడలు ట్యాంకు తగిలించుకుని వెళ్ళిపోయాక నేను గోడ మీంచి అడిగాను. "ఆ మూల సంగతి చెప్పావా?"

అక్క అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "అన్నీ వచ్చిన పిల్లే కదా. నేను చెప్పేదేముంది?"

"అక్కా!"

"ఒకసారి దిగబడితే తెలిసొస్తుందిలే, ట్రాక్టరమ్మ ఎవరో."

"దిగబడ్డం కాదక్కా, బోల్తా పడుతుంది."

అక్క ఒకటి రెండు కాయలు ఒలిచింది, తర్వాతది చేతిలోనే ఉండిపోయింది. "చెబుదామనే దగ్గరికి వెళ్ళానే," అంది నెమ్మదిగా. "'మీరు హాయిగా పడుకోండత్తయ్యా, అంతా నేను చూసుకుంటా' అంది. అంతే, నా నోరు మూతపడిపోయింది." చేట పక్కకి నెట్టేసింది. "స్కూటరు తియ్యి."

కోడలికి ఫోను చేశాం. ఎత్తలేదు. ఇంజను మోతలో వినపడలేదేమో అనుకున్నాం. దారంతా అక్క నా భుజం పట్టుకునే కూర్చుంది, వేళ్ళు కండలోకి దిగిపోయాయి. తోట గేటు దగ్గర స్కూటరు ఆపాక చూస్తే ఇంజను చప్పుడు లేదు. మందు కొడుతుంటే ఆ మోత రోడ్డు దాకా వినపడాలి. అక్క మోకాలి సంగతి మరిచిపోయి పరిగెత్తింది.

చివరి మూలలో ట్రాక్టరు ఒక పక్కకి ఒరిగి ఉంది గానీ నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి ఉన్నాయి. కాస్త ఎగువన కోడలు నేల మీద కూర్చుంది.

"బండికేం కాలేదు కదా?" అంది అక్క.

తన నోట్లోంచి ముందు అదే వచ్చింది. నేను తల పట్టుకున్నాను.

"నాకూ ఏం కాలేదత్తయ్యా. అడిగినందుకు సంతోషం," అంది కోడలు.

అక్క అక్కడే చతికిలబడింది. కోడలు తన వైపు చూడకుండా చెప్పుకుపోయింది. "తిప్పబోయాను. పైపక్క చక్రం తేలిపోయింది. ఎలా ఆపానో నాకే తెలీదు, బ్రేకు మీద నిలబడిపోయాను. దిగి చూస్తే ఇక్కడ గడ్డి నిలబడే ఉంది. తోటలో ప్రతి వరస చివరా మీ టైర్లు తిరిగిన జాడలున్నాయి, ఈ మూల తిప్పిన జాడ ఒక్కటీ లేదు." అప్పుడు తలెత్తింది. "మీకు తెలుసు."

"తెలుసు."

"మరిచిపోయారా చెప్పడం?"

అవునంటే సరిపోయేది. నేనైతే అనేసేదాన్ని. అక్క కుళ్ళుబోతుదే గానీ అబద్ధాలకోరు కాదు. "లేదు. తెలిసే ఊరుకున్నా," అంది. "నీకు వయసుంది, చూపుంది, చెయ్యి తిరిగింది. నాకంటే బాగా నడుపుతున్నావు. ఊరంతా అంటోంది, నాకూ కనపడుతోంది. నాకు మిగిలింది తెలిసిన నాలుగు ముక్కలు, ఏ తోటలో ఎక్కడ ఏముందో. అవి కూడా నీకిచ్చేస్తే ఇంక నేనెవర్ని?"

"నేను చచ్చిపోయుంటే ఎవరయ్యేవారు?"

కోడలు మొహం తుడుచుకుని లేచి, బండి తాళం తెచ్చి అక్క ఒళ్ళో పడేసింది. "అన్నీ చెప్పేదాకా నేను బండెక్కను. ఈ తోటవీ, మిగతా తోటలవీ. దీన్ని ఇక్కణ్ణించి మీరే దించండి."

అక్క లేచింది. ఎక్కేటప్పుడు నేను మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. కోడలు పట్టుకుంటే ఊరుకుంది. మేము రాళ్ళు తీశాక, ముందు చక్రాలు పల్లం వైపు తిప్పి, మొదటి గేర్లో తిన్నగా కంచె వైపు దించసాగింది. కోడలు ఎగువ పక్కన, కాస్త ఎడంగా నడుస్తోంది.

"ఒరిగిందనిపిస్తే పల్లం వైపే తిప్పాలి, ఎగువకి కాదు!" అని అరిచింది అక్క ఇంజను మోత మీద. "హ్యాండు బ్రేకుని నమ్మకు, గేర్లో పెట్టే దిగు! పంపుషెడ్డు తోటలో బోరు పక్కన పైపుంది, అక్కడ రోటవేటరు పైకెత్తుకో! దానిమ్మ తోటాయన ఎక్కడో ఇనుపతీగ వదిలేశాడు, చివరి వరస నడిచి చూశాకే దూరు!" ప్రతి మాటకీ తన మొహం చూడాలి, ఒంటి మీది నగలు ఒక్కొక్కటే తీసి ఇచ్చేస్తున్నట్టుంది. కోడలు కోపం తగ్గలేదు. ఊఁ కొట్టడం మాత్రం మానలేదు. అర్థం కానిది మళ్ళీ చెప్పించుకుంది.

కంచె దగ్గర చదునులో బండి ఆగింది. అక్క ఇంజను ఆపింది.

"అయిపోయాయా?" అంది కోడలు.

"ఇంకా ఉన్నాయి." అక్క స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. "మిగతావి రేపు చెబుతా."

కోడలు సరేనని తలూపి వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వెయ్యకముందే అక్క పిలిచింది.

"కాదు, ఇటు రా. ఇప్పుడే విను. రేపటికి నాకు మనసు మారిపోతుంది."