కిరాయికని కట్టిన పోర్షన్

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైనప్పుడు, చేతికొచ్చిన డబ్బును ఏం చేయాలా అని మాకంటే ఎక్కువగా జనగామలో ఉన్న మా తమ్ముడికి బెంగ పట్టుకుంది. పాలకుర్తి రోడ్డులో ప్లాటు కొనమని చెవినిల్లు కట్టుకుని పోరాడు. నేనేమో మహబూబాబాద్‌లోని మా ఇంటి మీద ఒక పోర్షన్ వేసి కిరాయికిద్దామన్నాను.

"అక్కా, ప్లాటు ఊకె పడుంటది. తిండి అడగదు, నీళ్లు అడగదు. కిరాయిదారు గట్ల కాదు. మోటరు కాలుతది, నల్లా కారుతది, గోడ నిండ మొలలు కొడ్తడు" అన్నాడు వాడు.

"మరి నీ ప్లాటు నెలనెలా పైసలిస్తదా?" అన్నాను.

అప్పుడు అసలు భయం బయటపెట్టాడు. "సరే, ఇంట్ల ఎవలన్న పోతే? నక్షత్రం మంచిగ లేకుంటే నెలలకు నెలలు తాళమేసుడే. ఆ తర్వాత ఆ ఇంటి దిక్కు ఎవలన్న సూస్తరా?"

వాడన్నది ఉత్తమాట కాదు. చెడు నక్షత్రంలో చావు జరిగితే ఆ ఇల్లు కొన్నాళ్లు వదిలిపెట్టాలని మా దిక్కు నమ్మకం. అందుకే కిరాయికున్న వాళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఓనర్లు ముందే సొంతూరికి తీసుకుపొమ్మంటారు. ఆస్పత్రిలో పోతే శవాన్ని గేటు దాటనివ్వరు. మేం భూపాలపల్లిలో కిరాయికున్నప్పుడు మా అత్తమ్మకు అదే జరిగింది. ఓనరు చెడ్డవాడేం కాదు, పండక్కి గారెలు పంపేవాడు. అయినా ఆమెను రోడ్డు మీద టెంటు కిందే పడుకోబెట్టాం. వాన కొట్టింది. టెంటు ఎగిరిపోకుండా మా ఆయన గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఇద్దరి వాదనా విని ఆయన, "కడదాం" అన్నాడు. ఉన్నదంతా ఆ పోర్షన్‌లో పోశాం. వచ్చే పింఛను కూరగాయలకు చాలదు కాబట్టి, కిరాయి వస్తేనే మాకు గడుస్తుంది.

మొదట దిగింది మరిపెడ దగ్గరి తండా వాళ్లు. అతను ప్రైవేటు బడిలో టీచరు, భార్య నర్సు, వెంట అతని తల్లి. ఆంటీ అంటే నాకు మంట అని మొదటిరోజే చెప్పాను కాబట్టి ఇద్దరూ అక్కా అనేవాళ్లు. ముసలమ్మకు నా తెలుగు సగమే అర్థమయ్యేది, నాకు ఆమె లంబాడీ ముక్క తెలియదు. అయినా మెట్ల మీద కూర్చుని పొద్దుపోయేదాకా మాట్లాడుకునేవాళ్లం. ఏం చెప్పేదో గానీ నవ్వు మాత్రం ఇద్దరికీ ఒకేసారి వచ్చేది.

ఒక వానాకాలం ఆమె మంచాన పడింది. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. కొడుకు వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, అమ్మను తండాకు తీస్కపోతం. ఆటో మాట్లాడిన."

"తండాల మీ ఇల్లుందా?"

"గోడలున్నయి. కప్పు మొన్న వానకు కూలింది. ఎవలింట్లనన్న ఉంచుతం. ఈడ ఏమన్నైతే మీకు పరేషాన్ గదా."

నాకు భయం వేసింది. పైన తాళం పడితే మేం ఎట్లా బతకాలన్నదే నా ఆలోచన. మా ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. "ఆటోను నేను వాపస్ పంపిస్త. అవ్వ ఏడికి పోదు" అన్నాడు.

ఆమె కొద్దిరోజులకే, ఒక మధ్యాహ్నం పోయింది. ఎప్పుడూ ఒక రెక్కే తెరిచే గేటును మా ఆయన బార్లా తెరిచాడు. పై మెట్లు ఇరుకు కాబట్టి ఆమెను దించి మా వసారాలో పడుకోబెట్టారు. ఆరోజూ వాన పడింది. తండా నుంచి వచ్చిన ఆడవాళ్లంతా మా ఇంట్లోనే కూర్చుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

తమ్ముడు ఫోన్ చేశాడు. "బావా, పంతులును అడిగిన. నక్షత్రం అస్సలు మంచిది కాదట. పైన తాళమెయ్యి, కింద మీరు సుత ఉండొద్దు."

"అట్లనే. గిప్పుడే బట్టలు సర్దుకుంటం. నెలలకు నెలలు జనగామల మీ ఇంట్లనే ఉంటం" అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత మా తమ్ముడు నక్షత్రం ఊసెత్తలేదు.

ఆ భార్యాభర్తలు పైనే ఇంకా చాన్నాళ్లు ఉన్నారు. అతనికి సర్కారు ఉద్యోగం వచ్చి మొగుళ్లపల్లి వైపు వెళ్లిపోయాక మళ్లీ టు-లెట్ బోర్డు కట్టాం. ఇల్లు చూసినవాళ్లు బాగుందనేవాళ్లు. గల్లీలో ఎవరో ఏదో చెవిన వేసేవాళ్లు, మళ్లీ కనపడేవాళ్లు కాదు. తమ్ముడన్నట్టే అయిందని నాకు దిగులు పట్టుకుంది.

ఒకరోజు బుర్ఖా వేసుకున్న ఒకావిడ వచ్చింది. నీళ్ల సంగతి అడగలేదు, వాకిలి ఎటు ఉందో చూడలేదు. "ముసలామెను ఇంట్లనే ఉండనిచ్చింది మీరేనా?" అంది.

"మేమే. అయితే ఏంది?" అన్నాను కస్సుమని.

"మా అబ్బా, మా నాయిన, మంచంల ఉన్నడక్కా. మేమున్న ఇంటి ఓనర్లు ఖాళీ చెయ్యమన్నరు. మీ ఇల్లు ఏడుందని గల్లీ గల్లీ అడుగుకుంట వచ్చిన."

నాకు ఆమె చేయి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. మా ఆయన మాత్రం మెట్ల వైపు చూస్తున్నాడు. "మెట్లు ఇరుకమ్మా. పెద్దమనిషిని పైకెట్ల ఎక్కిస్తరు?" అన్నాడు.

ఆవిడ ముఖం వాడిపోయింది. తల దించుకుని గేటు వైపు తిరిగింది.

"ఆగమ్మా. మేం పైకి పోతం. మీరు కింద ఉండుండ్రి" అన్నాడాయన.

అట్లా కిరాయికని కట్టిన పోర్షన్‌లో ఇప్పుడు మేమే ఉంటున్నాం. మోకాళ్లు గోల పెడతాయి గానీ పైన గాలి బాగా వస్తుంది. కిరాయి నెలనెలా అందుతోంది. పొద్దున్నే నేను మెట్లు దిగుతుంటే, వసారాలో మంచం మీది పెద్దాయన చేయెత్తి "బేటీ, చాయ్ తాగినవా?" అంటాడు. తాగినా సరే, ఇంకా లేదనే చెప్తాను.